బోయింగ్ 707కు తోక పెరిగిన కథ

హయత్‌నగర్‌లో నిలబడి దక్షిణంగా, కాస్త పడమరకు ఒక గీత గీస్తే, సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలో అది ఆదిబట్లను తాకుతుంది. అక్కడ టాటా బోయింగ్ ఏరోస్పేస్ వారి కర్మాగారం 2018లో మొదలయింది. మొదట్లో అందులో అపాచీ హెలికాప్టర్ల శరీరాలు తయారయ్యాయి. తరువాత బోయింగ్ 737 విమానాల తోకమీద నిలువుగా నిలబడే రెక్క కూడా తయారు చేయడం నేర్చుకున్నారు. అలాంటి మొదటి రెక్క 2023లో అక్కడినుంచి అమెరికాకు వెళ్ళింది.

ఆ రెక్క ఎత్తు ఎంతో తెలుసా? ఏడు మీటర్ల పైమాటే. అంటే రెండంతస్తుల ఇల్లంత. విమానాన్ని గాలిలో పైకెత్తడానికి ఇది ఏ మాత్రమూ ఉపయోగపడదు. పైగా దాని బరువును విమానం మోయాలి, గాలిలో దాన్ని ఈడ్చుకుపోవాలి. మరి అంత పెద్దది ఎందుకు పెడతారు? కాస్త చిన్నది పెడితే ఏమవుతుంది?

"చిన్నది పెడితే ఏమవుతుంది" అన్న ప్రశ్నకు చరిత్రలో ఒక జవాబు ఉంది. అది 737కు తాతలాంటి విమానంలో, బోయింగ్ 707లో, దొరుకుతుంది.

1950 ప్రాంతాల్లో ప్రయాణికుల విమానాలంటే ముందు పంకాలు గిరగిరా తిరిగేవే. బ్రిటన్‌వారి కామెట్ జెట్ విమానం 1952లో ప్రయాణికులతో ఎగిరినా, ప్రమాదాల వల్ల వెనకబడింది. అమెరికాలో బోయింగ్ కంపెనీ సొంత సొమ్ము 1 కోటి 60 లక్షల డాలర్లు పెట్టి ఒక నమూనా విమానం కట్టింది. దాని పేరు 367-80. అందరూ "డాష్ ఎయిటీ" అని పిలిచేవారు. 1954 జూలై 15న అది మొదటిసారి ఎగిరింది. రెక్కలు 35 డిగ్రీలు వెనక్కి వాలి ఉండేవి. నాలుగు జెట్ ఇంజన్లు రెక్కల కింద వేలాడుతూ ఉండేవి. నాలుగు ఇంజన్ల జెట్ అనగానే ఇప్పటికీ మన కళ్ళముందు కదిలే రూపం అదే.

దీన్ని ప్రయాణికుల విమానంగా మార్చేటప్పుడు శరీరం వెడల్పు పెంచారు. నమూనా వెడల్పు 132 అంగుళాలు. సైన్యానికి అదే కుటుంబంలో కట్టిన విమానం 144 అంగుళాలు. ఇంతలో పోటీ కంపెనీ డగ్లస్ తన డీసీ-8ను అంతకన్నా మూడు అంగుళాలు వెడల్పుగా గీసింది. బోయింగ్ వాళ్ళు వెంటనే 148 అంగుళాలకు, అంటే 3.76 మీటర్లకు, పెంచారు. ఒక్క అంగుళం పంతం అన్నమాట! ఆ పంతం ఫలితాన్ని మీరు ఇవాళ కూడా చూడవచ్చు. శంషాబాదుకు వచ్చే 737లో నడవకు అటు మూడు, ఇటు మూడు సీట్లు ఉంటాయి కదూ? ఆ విమానం వెడల్పు అచ్చంగా 707 వెడల్పే.

ఇక 707లో రకాల సంగతి. ఇక్కడ ఒక చిన్న పొడుపు కథ ఉంది. ఎయిర్ ఇండియా కొన్నది 707-437. ఆస్ట్రేలియాకు చెందిన క్వాంటాస్ కొన్నది 707-138. అమెరికాలోని బ్రానిఫ్ కొన్నది 707-227. ఈ అంకెలకు అర్థమేమిటి? గీత తరువాతి మొదటి అంకె విమానం రకం. మిగిలిన రెండు అంకెలు కొన్నవారి గుర్తు. 37 అంటే ఎయిర్ ఇండియా, 38 అంటే క్వాంటాస్, 27 అంటే బ్రానిఫ్. ఆ తరువాత 1971లో ఎయిర్ ఇండియా కొన్న జంబో జెట్ పేరు కూడా 747-237 అయింది. బోయింగ్ ఈ పద్ధతిని చాలా ఏళ్ళ తరువాత మానేసింది.

మొదటి రకం 120. ప్యాన్ అమెరికన్ సంస్థ 1958 అక్టోబరు 26న దీన్ని న్యూయార్క్ నుంచి పారిస్‌కు నడిపింది. కాని ఒక్క ఊపున వెళ్ళలేకపోయింది. మధ్యలో కెనడాలోని గాండర్ అనే చోట దిగి ఇంధనం పోయించుకోవలసి వచ్చింది. విమానం పెద్దదే, వేగమూ ఎక్కువే, కాని ఇంజన్ల బలం చాలలేదు. నేలనుంచి లేచేటప్పుడైతే మరీ కష్టం. అప్పుడు ఇంజన్లలోకి నీళ్ళు చిమ్మేవారు!

నవ్వకండి. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లడం మీ తాతయ్యలను అడిగితే చెబుతారు. ఇప్పటి ఎయిర్ కూలరు చేసే పనీ అదే. నీరు ఆవిరి అయ్యేటప్పుడు గాలిలోని వేడిని తీసుకుంటుంది. గాలి చల్లబడుతుంది. చల్లబడిన గాలి చిక్కబడుతుంది. చిక్కటి గాలి అంటే అదే చోటులో ఎక్కువ గాలి. ఇంజను మింగే గాలి ఎక్కువయితే, దానితో ఎక్కువ ఇంధనం మండించవచ్చు. అదీగాక లోపల మరీ వేడెక్కి టర్బైను పాడయిపోకుండా నీరు కాపాడుతుంది. 120 రకం ఇంజను ఈ సాయంతో సుమారు 6,100 కిలోల బలంతో తోసేది. నీళ్ళు మాత్రం రెండు నిమిషాల పాటే వచ్చేవి. ఆ రెండు నిమిషాలూ నల్లటి పొగ, చెవులు చిల్లులు పడే మోత!

గాలి చిక్కదనం ఎంత ముఖ్యమో మన ఊరి లెక్కతో చూద్దాం. సముద్రమట్టాన, 15 డిగ్రీల వేడిలో, ఒక ఘనపు మీటరు గాలి 1,225 గ్రాములు తూగుతుంది. బేగంపేట విమానాశ్రయం సముద్రమట్టానికి 531 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో అక్కడి ఘనపు మీటరు గాలి సుమారు 1,060 గ్రాములే. అంటే ఏడోవంతు గాలి మాయం! ఇంజనుకూ అంత తక్కువే అందుతుంది, రెక్కలకూ అంత తక్కువే దొరుకుతుంది. ఇక దక్షిణ అమెరికాలో లాపాజ్ విమానాశ్రయం 4,000 మీటర్ల పైన ఉంది. అక్కడ ఘనపు మీటరు గాలి బరువు 760 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది.

ఇప్పుడు మిగతా రకాలు ఎందుకు పుట్టాయో మీకే తెలిసిపోతుంది. వేడి దేశాల్లో, ఎత్తయిన ఊళ్ళలో దిగవలసిన బ్రానిఫ్ సంస్థ, 120 శరీరానికే మరింత బలమైన ఇంజన్లు పెట్టించుకుంది. అది 220 రకం. అయిదే అయిదు తయారయ్యాయి. పసిఫిక్ సముద్రం దాటవలసిన క్వాంటాస్ వేరే ఉపాయం పట్టింది. శరీరాన్ని మూడు మీటర్లు కురచ చేయించి, బరువు తగ్గించి, దూరం సంపాదించింది. అది 138. ఇక 320 రకంలో రెక్కలు, శరీరం, ఇంజన్లు అన్నీ పెరిగాయి. రెక్కల బారు 39.9 మీటర్ల నుంచి 43.4 మీటర్లకు, నిండు బరువు 116 టన్నుల నుంచి 140 టన్నుల దాకా పెరిగాయి. 1959లో బయలుదేరిన ఈ 320 తోనే అట్లాంటిక్ సముద్రాన్ని ఒక్క ఊపున దాటడం మామూలు సంగతి అయింది.

ఆ 320 శరీరానికే బ్రిటన్‌వారి రోల్స్ రాయిస్ కాన్వే ఇంజన్లు తగిలిస్తే 420 రకం. మొత్తం 37 కట్టారు. బ్రిటన్, పశ్చిమ జర్మనీ, ఇజ్రాయెల్, బ్రెజిల్‌తో పాటు మన దేశమూ కొన్నది వీటినే. కాన్వే ఇంజనులో ఒక కొత్తదనం ఉంది. లోపలికి పీల్చిన గాలి అంతటినీ మండే గదిలోకి పంపరు. కొంత గాలిని పక్కదారిన పంపి, వెనకనుంచి వేడి గాలితో కలిపి వదులుతారు. కొద్ది గాలిని మహావేగంగా తోయడం కన్నా ఎక్కువ గాలిని కాస్త నెమ్మదిగా తోస్తే ఇంధనం ఆదా అవుతుంది, మోత తగ్గుతుంది. ఈ పద్ధతి ఇంజను ప్రయాణికుల విమానంలో రావడం ప్రపంచంలో అదే మొదలు. ఒక్కొక్కటి 7,900 కిలోల బలంతో తోసేది. నీళ్ళ అవసరం లేకుండానే!

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. ఇంజన్లు 6,100 కిలోల నుంచి 7,900 కిలోలకు పెరిగాయి. మరి తోక? అది ఎప్పటిలాగే ఉండిపోయింది.

దానివల్ల ఏమిటి నష్టం అంటారా? తోపుడుబండిని రెండు చేతులతో రెండు వైపులా పట్టుకుని తోస్తే తిన్నగా పోతుంది. ఎడమ చేయి వదిలేసి కుడి మూలనే పట్టుకుని తోసి చూడండి. బండి ఎడమవైపుకు తిరిగిపోతుంది. విమానంలోనూ అంతే. నాలుగు ఇంజన్లలో ఎడమ చివరిది ఆగిపోయిందనుకోండి. లోపలి రెండూ సమానంగా తోస్తున్నాయి కనుక వాటితో బాధ లేదు. కుడి చివరిది మాత్రం ఎదురులేకుండా తోస్తూ విమానం ముక్కును ఎడమకు తిప్పేస్తుంది. దాన్ని ఆపేది ఎవరు? తోకమీది నిలువు రెక్క, దాని వెనక అంచున కదిలే చుక్కాని. పైలట్ కుడికాలితో పెడలు తొక్కితే చుక్కాని కుడికి తిరుగుతుంది. గాలి దానిమీద ఒత్తి తోకను ఎడమకు నెడుతుంది. ముక్కు మళ్ళీ దారికి వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. సులువుగా ఉండడానికి, చివరి ఇంజను విమానం నడుమ గీతకు 14 మీటర్ల దూరంలోనూ, చుక్కాని విమానం బరువు కేంద్రానికి 20 మీటర్ల వెనకనూ ఉన్నాయనుకుందాం. ఊయల బల్ల సూత్రం మీకు తెలుసు కదా, బలాన్ని దూరంతో గుణించాలి. 6,100 కిలోలను 14తో గుణించి 20తో భాగిస్తే 4,270. తోక అన్ని కిలోల బలంతో నెడితే ముక్కు తిన్నగా ఉంటుంది. ఇంజను బలం 7,900 అయితే? 5,530 కిలోలు కావాలి. రెక్క అదే, చుక్కాని అదే, బలం మాత్రం 1,260 కిలోలు ఎక్కువ రావాలి!

ఎక్కడినుంచి వస్తుంది? వేగం నుంచి. చుక్కాని బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగు రెట్లు. మనకు బలం సుమారు 1.3 రెట్లు కావాలి కనుక వేగం 1.14 రెట్లు ఉండాలి. పాత ఇంజన్లతో 200 కిలోమీటర్ల వేగంలో ముక్కును అదుపులో పెట్టగలిగితే, కొత్త ఇంజన్లతో 228 కావాలి. చిక్కు చూశారా? తొందరగా నేల వదలడానికి బలమైన ఇంజన్లు పెట్టారు. వాటిలో ఒకటి ఆగితే విమానాన్ని అదుపు చేయడానికి ఇంకా వేగం అందుకోవాలి. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో లాక్కున్నట్లయింది. అదీ గాక, ఇంజన్లు పూర్తి బలంతో తోసేది, వేగం అతి తక్కువగా ఉండేది ఒకే సమయంలో. అది విమానం నేల వదిలే సమయం. కింద ఖాళీ ఎత్తు లేని సమయం.

ఇది ఒక బాధ. రెండోది ఇంకా వింతది. వెనక్కి వాలిన రెక్కల విమానం ముక్కు కొంచెం ఎడమకు తిరిగిందనుకోండి. కుడిరెక్క గాలికి ఎదురొడ్డి ఎక్కువ ఎత్తుడు బలం పుట్టిస్తుంది, ఎడమరెక్క తక్కువ పుట్టిస్తుంది. దాంతో విమానం ఎడమకు ఒరుగుతుంది. తోక ముక్కును వెనక్కి తెస్తుంది, కాని అది మధ్యలో ఆగక కుడికి పోతుంది. అప్పుడు కుడికి ఒరుగుతుంది. ఇలా తిరగడం, ఒరగడం, మళ్ళీ తిరగడం. దీన్ని "డచ్ రోల్" అంటారు. హాలండ్ దేశంలో మంచుమీద జారేవాళ్ళు అటూ ఇటూ ఊగే తీరును బట్టి వచ్చిన పేరట. నిలువు రెక్క తగినంత పెద్దదయితే ఊగులాట రెండు మూడు సార్లతో సద్దుమణుగుతుంది. చాలకపోతే చాలాసేపు సాగుతుంది. పైలట్ తప్పు సమయంలో దిద్దబోతే పెరుగుతుంది కూడా.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. జానెడు పొడవున్న చీపురుపుల్ల తీసుకోండి. ఒక చివర రెండు సెంటీమీటర్ల చదరపు అట్టముక్క నిలువుగా అంటించండి. పుల్లను వేలిమీద పెట్టి సమంగా నిలిచే చోటు గుర్తించి, అక్కడ గుండుసూది గుచ్చి, పెన్సిలు వెనక రబ్బరులో దిగేయండి. పుల్ల సులువుగా తిరగాలి సుమా. దీన్ని టేబులు ఫ్యాను ముందు పట్టుకుని, తోకను పక్కకు లాగి వదలండి. ఎన్నిసార్లు ఊగి ఆగిందో లెక్కపెట్టండి. ఇప్పుడు అట్టముక్క తీసి ఆరు సెంటీమీటర్లది అంటించి, సమంగా నిలిచే చోటు మళ్ళీ వెతికి, మళ్ళీ వదలండి. తేడా మీకే తెలుస్తుంది. గాలిపటం గింగిరాలు కొడుతుంటే కాగితం తోక కట్టే పిల్లవాడు చేసే పని కూడా ఇలాంటిదే.

1959 అక్టోబరు 19న ఈ ఊగులాట ప్రాణాలు తీసింది. బ్రానిఫ్‌కు అప్పగించబోయే మొదటి 220 విమానం అది. కొత్త పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి వాషింగ్టన్ రాష్ట్రంలో దాన్ని ఎగరేశారు. లోపల ఎనిమిది మంది. డచ్ రోల్ ఎలా ఉంటుందో, దాని నుంచి ఎలా బయటపడాలో నేర్పుతుండగా విమానం హద్దుమీరి ఒరిగిపోయింది. ఆ విసురుకు నాలుగు ఇంజన్లలో మూడు ఊడి పడిపోయాయి. మంటలు లేచాయి. ఆర్లింగ్టన్ అనే ఊరి దగ్గర ఒక నది ఒడ్డున దాన్ని దించడానికి చేసిన ప్రయత్నంలో ముందున్న నలుగురూ మరణించారు. వెనక కూర్చున్న నలుగురు బతికారు.

అప్పటికే బ్రిటన్‌లో మరొకరు ఈ తోకను అనుమానంగా చూస్తున్నారు. ఆయన పేరు డి.పి. డేవిస్. బ్రిటన్‌లో ఏ విమానం ప్రయాణికులను ఎక్కించుకోవాలన్నా పరీక్షించి అనుమతి ఇచ్చే సంస్థలో ఆయన పరీక్షా పైలట్. అమెరికా ప్రభుత్వం 1958లోనే 707కు అనుమతి ఇచ్చేసింది. డజన్ల కొద్దీ 707లు దేశాలు తిరుగుతున్నాయి. అయినా డేవిస్ స్వయంగా నడిపి చూశాడు. ఒక ఇంజను ఆగినప్పుడు విమానాన్ని తిన్నగా ఉంచడం కష్టమనీ, డచ్ రోల్ ఎక్కువగా ఉందనీ తేల్చాడు. తోక మార్చకపోతే బ్రిటన్‌లో అనుమతి లేదు అన్నారు. ఎంతోమంది కొన్నారు, మనమూ కొందాం అనుకోకుండా, తన చేతుల్లో తెలిసినదాన్ని నమ్మినవాడు ఆయన. నాకైతే ఈ కథలో ఇంజన్ల కన్నా ఆయనే గొప్పగా కనిపిస్తాడు.

బోయింగ్ వాళ్ళు తోక మార్చారు. నిలువు రెక్క ఎత్తు సుమారు ఒక మీటరు పెంచారు. తోక కింద, నేలవైపుకు, ఒక చిన్న రెక్క అదనంగా పెట్టారు. చుక్కానిని తిప్పడానికి కాలి బలం చాలదు కనుక, దానికి యంత్రబలం తోడు చేశారు. బ్రిటన్ విమానాల కోసం మొదలుపెట్టిన మార్పు అక్కడితో ఆగలేదు. అంతకు ముందు అమ్మిన 707లకు కూడా తోకలు పెంచారు. అమెరికా నిబంధనల ప్రకారం చాలునన్న విమానాలు కూడా పొడుగు తోకతో తిరగసాగాయి!

మన దేశానికి మొదటి 707-437 1960 ఫిబ్రవరిలో బొంబాయి చేరింది. ఆ మే నెలలోనే ఎయిర్ ఇండియా వీటితో లండన్ మీదుగా న్యూయార్క్‌కు రాకపోకలు మొదలుపెట్టింది. ఆ దశాబ్దంలో అమెరికాకు చదువులకు, డాక్టరు ఉద్యోగాలకు వెళ్ళిన తెలుగువాళ్ళలో చాలామంది మొదట ఎక్కిన పెద్ద విమానం ఇదే. ముందు బొంబాయి చేరుకోవాలి, అక్కడ 707 ఎక్కాలి. 1962 నాటికి ఎయిర్ ఇండియా జెట్ విమానాలు మాత్రమే నడిపే సంస్థ అయింది. హోమీ భాభా ప్రయాణిస్తూ 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో మరణించిన విమానం "కాంచనజంఘ" కూడా ఒక 437. అయితే అది తోక వల్ల జరిగినది కాదు. దిగుతున్న విమానం మాంట్ బ్లాంక్ శిఖరాన్ని దాటిందని పైలట్ పొరబడడం వల్ల జరిగింది.

పాత 707 ఫోటో ఏదైనా మీ చేతికి వస్తే తోక కేసి చూడండి. తోక శరీరం అడుగున చిన్న రెక్క కిందికి పొడుచుకు వచ్చి ఉంటే, అది తోక మార్పు జరిగిన విమానం. తరువాతి 320 రకాల్లో కొన్నింటికి ఆ కింది రెక్క కనిపించదు. వాటిలో పొడుగు తోక, బలమైన చుక్కానితోనే పని జరిగిపోయింది. క్వాంటాస్ వారి మొట్టమొదటి 138 ఇప్పుడు ఆస్ట్రేలియాలోని లాంగ్‌రీచ్ మ్యూజియంలో ఉంది. డాష్ ఎయిటీని వాషింగ్టన్ నగరం దగ్గర స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంచారు. రెండింటి తోకలనూ పోల్చి చూడండి.

ఇంతకీ ఆదిబట్ల రెక్క సంగతి. 737కు ఇంజన్లు రెండే. అవి కూడా శరీరానికి దగ్గరగా ఉంటాయి, 707 చివరి ఇంజన్లలా దూరంగా కాదు. అయినా దాని నిలువు రెక్క అంత ఎత్తు ఎందుకు? లెక్క మీరే వేయగలరు. నాలుగింటిలో ఒకటి ఆగితే పోయేది నాలుగో వంతు బలం. రెండింటిలో ఒకటి ఆగితే సగం బలం పోతుంది, మిగిలిన సగమంతా ఒకే వైపు ఉంటుంది. పైగా ఇప్పటి 737 ఇంజను ఒక్కటే కాన్వే ఇంజనుకు ఒకటిన్నర రెట్ల బలంతో తోస్తుంది. ఆ తోపునంతటినీ కాచుకోవలసింది తోకమీద నిలబడిన ఆ ఒక్క రెక్కే.